బాణం కంటే ముందు అర్జీ

ఏటా ఆగస్టు 9న మా బడిలో పిల్లలు వేషాలు వేస్తారు. వెదురు చీల్చి విల్లు వంచుతారు, చీపురు పుల్లలు బాణాలు. ఎవర్ని అడిగినా సీతారామరాజు వేషమే కావాలి, అది దొరక్కపోతే కొమురం భీం. పోయినేడు అయిదో తరగతి పిల్ల ఒకతె వేషం వేయకుండా పక్కన కూర్చుని మమ్మల్ని ఒక మాట అడిగింది. "మాస్టారూ, రాజుగారు టేసను మీదికి ఎల్లకముందు పై అధికారులకి సెప్పుకోవచ్చు కదా?"

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. సాయంత్రం ఇంటికి నడుస్తూంటే ఆ నవ్వు నిలవలేదు. ఎందుకంటే చెప్పుకున్నారు. వినలేదు. ఆ సంగతి మేము పిల్లలకు ఏనాడూ చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ పిల్లకు జవాబు. ఇందులో రెండు కూలి తగాదాలున్నాయి. ఒకటి నూరేళ్ల కిందటిది, పుస్తకాల్లో చదివింది. రెండోది పదేళ్ల కిందట మా ఊరి భార్యాభర్తలది, మేము వెంట తిరిగి చూసింది. మేము అంటే నలుగురం: ఒక బడి పంతులు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, ఒక మాజీ వార్డు మెంబరు, సంతలో సైకిళ్లు బాగుచేసే స్నేహితుడు. రాసే చేయి ఒకటే అయినా జ్ఞాపకం నలుగురిదీ.

ముందు పాతది చెబుతాం. 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తీసి, కలెక్టరుకు ఏజెంటు హోదా ఇచ్చి అప్పగించారు. ఏజెన్సీ అన్న మాట మనకు అలా అంటుకుంది. కోర్టు మన దగ్గరకు రాలేదు గాని, మన మీదకు వచ్చింది. 1879 రంప పితూరీకి కారణాలు చెప్పేటప్పుడు కల్లు పన్ను గురించి అందరూ చెబుతారు. ఇంకో కారణం తక్కువగా చెబుతారు. మైదానపు వర్తకులు కొండవాళ్లకు అప్పులిచ్చి, కింద కోర్టులో దావా వేసి, అవతలి మనిషి రాకుండానే ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని, కొండెక్కి పశువుల్ని తోలుకుపోయేవారు. కోర్టు అంటే మన పెద్దలకు పశువులు పోయే చోటు. ఈనాటికీ మా ఊళ్లో ముసలివాళ్లు కాగితం మీద వేలు పెట్టమంటే చేయి వెనక్కి తీసుకుంటారు. అది తెలివితక్కువ అని మాకు శిక్షణలో చెప్పారు. కాదు, అది చరిత్ర.

తర్వాత గూడెం సంగతి. 1920ల మొదట్లో అక్కడ డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించాడు. రాళ్లు కొట్టింది, చెట్లు నరికింది, మట్టి మోసింది కొండవాళ్లు. సర్కారు లెక్కలో పడే కూలి ఒకటి, చేతిలో పడేది ఒకటి. ఎదురు మాట్లాడితే దెబ్బలు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొరకు బాస్టియన్‌తో మునసబు పని దగ్గరా, భూమి దగ్గరా తగవు వచ్చింది. అతని తమ్ముడు మల్లుదొరదీ అదే కష్టం. ఈ బాధలన్నీ విని సీతారామరాజు పై అధికారులకు ఫిర్యాదులు పెట్టాడు. బాస్టియన్ మీద చర్య లేదు. ఫిర్యాదు పెట్టినవాడి మీద నిఘా పెరిగింది.

ఆ తర్వాతే 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఇది మన పిల్లలకు పాటలా వచ్చు. అందులో ఒక చిన్న విషయం మాత్రం నాటకాల్లో సరదాగా దాటిపోతుంది. స్టేషనులో తుపాకులు, తూటాలు తీసుకున్న తర్వాత రాజు అక్కడి పుస్తకం తీసి, ఏమేం పట్టుకుపోతున్నాడో రాసి సంతకం చేశాడు. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు. దాన్ని అందరూ ధైర్యం అంటారు. మాకు మరొకటి కనిపిస్తుంది. కూలీల లెక్క నిజంగా రాయని సర్కారుకు, తీసుకున్నదాని లెక్క ఉన్నదున్నట్టు రాసిచ్చాడు.

రాజుగారి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండాలి. గంటందొర విగ్రహాలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. 1924 మేలో రాజును, జూన్‌లో గంటందొరను చంపేశారు. మల్లుదొర పట్టుబడి ఏళ్ల తరబడి జైలులో ఉండి, బతికి బయటకొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కూలి అడిగిన ఇంటి నుంచి ఒకడు పార్లమెంటు దాకా వెళ్లాడన్నమాట. మా బడిలో ఆ వేషం ఇంతవరకు ఎవరూ వేయలేదు.

గోదావరికి అవతల కూడా ఇదే వరస. కొమురం భీం పన్నెండు ఊళ్ల భూమి కోసం మొదట హైదరాబాదు వెళ్లి మొరపెట్టుకోవాలనే చూశాడు. ఆ మొర చెవికెక్కకపోయాక జోడేఘాట్ కొండమీద 1940లో తూటాలే జవాబు వచ్చాయి. తుపాకి దాకా వచ్చిన ప్రతి కథలో వెనక్కి వెళ్లి చూస్తే ఒక అర్జీ కనిపిస్తుంది.

ఇక రెండో తగాదా. ఇది మా వాళ్లది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం. వాళ్ల పేర్లు రాయడం లేదు. యజమాని పేరూ, ఊరూ కూడా రాయం.

అతను మాలో ఒకరికి బావ వరస. ఆమె మా బడిలోనే ఏడో తరగతి దాకా చదివిన పిల్ల. పెళ్లయి రెండేళ్లు. మామగారి జబ్బుకు అప్పయింది. కోతలయ్యాక ఒక మేస్త్రి వచ్చి 20,000 అడ్వాన్సు చేతిలో పెట్టి, కింద ఇటుక బట్టీకి తీసుకుపోయాడు. బట్టీ పనికి మనిషిని పిలవరు, జతను పిలుస్తారు. మగవాడు మట్టి కలిపి తొక్కి అచ్చు పోస్తాడు, ఆడమనిషి ముద్దలు అందించి, పచ్చి ఇటుకను ఎండకు తిప్పి, గోడలా పేరుస్తుంది. ఒకరు లేకపోతే రెండోవారి పని సాగదు. కూలి మాత్రం వెయ్యి ఇటుకలకు ఇంత అని ఒకే లెక్క, పుస్తకంలో ఒకే పేరు, అది మగవాడిది.

మన తాతల కాలంలో దీన్ని గొత్తి అనేవారు. అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లో పని. అప్పు తీరదు, ఎందుకంటే తీరిందని రాయాల్సినవాడు షావుకారే. ఏజెన్సీలో దీన్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లోనే రెగ్యులేషను తెచ్చింది. దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టంలో దేశంలోని రకరకాల వెట్టి పేర్లన్నీ జాబితాగా ఉంటాయి. భగేలా, జీతం, పాలేరు, వెట్టి, మన మాటలు అందులో ఇన్ని ఉన్నాయి. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియదు.

ఆరు నెలలు పనిచేసి వానలకు ముందు లెక్క చూడమంటే, యజమాని గుమస్తా పుస్తకం తీసి 1,09,000 ఇటుకలన్నాడు. వారం వారం ఇచ్చిన ఖర్చులు, అడ్వాన్సు, విరిగినవాటి తరుగు అన్నీ పోను ఇంకా మీరే మాకు బాకీ అన్నాడు. వచ్చే ఏడు వస్తే సర్దుకుంటాం అన్నాడు. గట్టిగా అడిగితే సామాను పాకలో పెట్టి తాళం వేశాడు. రాత్రికి రాత్రి నడిచి వచ్చేశారు.

ఊరికి వచ్చిన మూడో రోజు ఆమె బడికి వచ్చింది. చేతిలో పాత నోటుబుక్కు. "మాస్టారూ, నాను రోజూ రాసినాను." నిజంగానే రాసింది. ఒక్కో రోజుకు ఒక్కో గీత, గీత పక్కన అంకె, పండగకు పని లేని రోజు సున్న. కూడితే 1,42,000. మేము రెండుసార్లు కూడాం, మూడోసారి ఎనిమిదో తరగతి పిల్లల చేత కూడించాం. 33,000 ఇటుకలు గుమస్తా పుస్తకంలోకి ఎక్కనే లేదు.

పోలీసు స్టేషనుకు వెళితే ఇది సివిలు తగవు అన్నారు. ఇంకో ఆఫీసుకు వెళితే మీ ఊరు మా పరిధి కాదు, బట్టీ ఉన్న ఊరి వాళ్లను అడగండి అన్నారు. అక్కడ రెండు వారాలు పోయాయి. చివరకు కార్మిక శాఖ అధికారి దగ్గర కనీస వేతనాల కేసు వేయొచ్చని, అప్పటి చట్టం ప్రకారం కూలి ఇవ్వాల్సిన రోజు నుంచి ఆరు నెలల లోపు వేయాలని తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది, ఇది చదివే ప్రతివారూ గుర్తుపెట్టుకోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదివాసీకి వకీలును ఉచితంగా ఇవ్వాలి, ఆదాయం ఎంత అని అడగకూడదు. మాకు ఇచ్చిన వకీలు చిన్నవాడు, కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాడు. మొదట మాకు నమ్మకం కుదరలేదు. అతను మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి ఒక పాత తీర్పు చెప్పాడు.

1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు కట్టారు. కూలీకి రోజుకు 9 రూపాయల 25 పైసలు ఇవ్వాలి. జమాదార్లు రూపాయి కమీషను పట్టుకుని 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవారు. ఆ ఒక్క రూపాయి మీద సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. జస్టిస్ భగవతి తీర్పు చెప్పాడు: కనీస వేతనం కంటే తక్కువకు ఎవరైనా పనిచేస్తున్నారంటే అది వాళ్ల ఇష్టం కాదు, ఆకలి బలవంతం, కాబట్టి అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. తుపాకి పెట్టి పని చేయించడమే వెట్టి అనుకున్నాం మేము. రూపాయి తగ్గినా వెట్టే అని పెద్ద కోర్టు అన్నదంటే, గూడెం రోడ్డు మీద జరిగిందానికి అరవై ఏళ్ల తర్వాత పేరు పెట్టినట్టు అనిపించింది.

కేసు వేశాం, ఇద్దరి పేరా. ఇక వాయిదాలు. మా ఊరి నుంచి తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే జీపులో మండల కేంద్రం, అక్కడినుంచి బస్సు, పదిన్నరకు ఆఫీసు. అధికారి మీటింగులో ఉంటే రాత్రికి వెనక్కి. పద్నాలుగు నెలల్లో పదకొండు వాయిదాలు. వాళ్లిద్దరికీ వెళ్లిన రోజు కూలి పోతుంది. ఛార్జీలు మేము నలుగురం వంతులు వేసుకున్నాం. సైకిళ్ల స్నేహితుడు సంతరోజు కూడా కొట్టు మూసి వచ్చేవాడు. అంగన్‌వాడీ ఆమె చద్దన్నం మూటలు కట్టేది. ఎవరికెంత ఖర్చయిందో అదే నోటుబుక్కు వెనక అట్ట మీద ఆమె రాసుకునేది. వద్దంటే వినలేదు.

సాక్షుల దగ్గర ఇబ్బంది వచ్చింది. ఆ బట్టీలో మన వైపు జతలు ఇంకా ఆరు ఉన్నాయి. అందరివీ అవే లెక్కలు, కానీ అయిదు జతలు అప్పటికే వచ్చే ఏటి అడ్వాన్సు తీసేసుకున్నాయి. రెండు జతలు వస్తామన్నాయి. మూడో వాయిదాకు ఒక జత మానేసింది. మిగిలిన జత చివరిదాకా వచ్చింది.

మధ్యలో జరిగింది చెప్పక తప్పదు, మా తప్పు అందులో ఉంది. ఆరో వాయిదా తర్వాత సంతలో మేస్త్రి కనబడి, యజమాని కొంత డబ్బిస్తాడు, అతనొక్కడు తెల్లకాగితం మీద సంతకం పెడితే చాలు, కేసు తీసేయండి అన్నాడు. ఆ రాత్రి అతను మా దగ్గరకు వచ్చాడు. తల్లికి కూడా ఒంట్లో బాగోలేదు. "పేరు నాదే కదా ఆడి బుక్కులో. తీసేసుకుంటే తప్పేటి?" అన్నాడు. మేము నలుగురం ఆలోచించి తీసుకోమనే చెప్పాం. మేమూ అలిసిపోయాం మరి. ఆమె ఒప్పుకోలేదు. "నాను సేసిన పని ఎవురి పేరున రాసినారో ముందు సెప్పమను. లెక్క తేలినాక ఒగ్గేద్దారి, నాకేటి బాధ నేదు." మాటా మాటా పెరిగి కన్నవారింటికి వెళ్లిపోయింది. నాలుగో రోజు అతనే వెళ్లి తీసుకొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఏడో వాయిదాకు ఇద్దరూ మాకంటే ముందే జీపు దగ్గర నిలబడి ఉన్నారు.

ఎనిమిదో వాయిదాకు యజమాని తరఫు వకీలు రిజిస్టరు తెచ్చాడు. వారం వారం కూలి పూర్తిగా ముట్టినట్టు అతని వేలిముద్రలు ఉన్నాయి. ఆమె పేరు ఎక్కడా లేదు. అసలు ఈమె పనిలోనే లేదు, భర్తకు వండి పెట్టడానికి వచ్చింది అన్నాడు. పైగా ఆమెను తిరగేసి ప్రశ్న అడిగాడు, పని తెలియదని రుజువు చేద్దామని: అచ్చులో ఇసుక ఎందుకు చల్లుతారు?

"సల్లకపోతే మట్టి అంటుకుపోద్ది బాబూ. ఇటిక మూల ఇరిగిపోద్ది. ఇరిగింది మీ బుక్కులో ఎక్కదు."

అధికారి తల ఎత్తి చూశాడు. నోటుబుక్కు ఇలా ఇమ్మన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు, ఆ మాట చెప్పాలి. అతనికి సంతకం వచ్చా అని అడిగాడు. రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం, మెల్లగా పెట్టాడు. సంతకం వచ్చినవాడు ఇరవై వారాలు వేలిముద్ర ఎందుకు వేశాడు అంటే, కొందరు అలా వేస్తారండీ అన్నాడు వకీలు. అప్పుడు మా చిన్న వకీలు నోటుబుక్కులో ఒక పేజీ చూపించాడు. అక్కడ వరసగా ఆరు సున్నలున్నాయి. పేజీలో మడతపెట్టిన బస్సు టికెట్లు. మామగారు పోతే దినాలకు ఇద్దరూ ఊరికి వచ్చిన రోజులవి. సరిగ్గా ఆ వారం కూడా బట్టీలో ఎవరో అతని వేలిముద్ర వేసి కూలి తీసుకున్నారు.

అక్కడితో అయిపోయిందని మేము అనుకున్నాం. ఇంకా మూడు వాయిదాలు పట్టింది. ఆర్డరు వచ్చింది. ఇద్దరూ పనిచేసినట్టే, ఇద్దరికీ విడివిడిగా ఆరు నెలల కనీస వేతనంలో తక్కువపడింది ఇవ్వాలి, దానికి సమానంగా పరిహారం ఇవ్వాలి. పరిహారం పదింతల దాకా వేసే వీలు చట్టంలో ఉంది. ఒక్క ఇంత వేశారు. ఎందుకో మాకు అర్థం కాలేదు, అడిగే ఓపిక కూడా లేకపోయింది. యజమాని వెంటనే కట్టలేదు. మేజిస్ట్రేటు ద్వారా జుల్మానాలా వసూలు చేయిస్తామని నోటీసు వెళ్లాక రెండు విడతల్లో కట్టాడు. దానికి మరో ఏడు నెలలు. దొంగ వేలిముద్రలు వేసినందుకు మాత్రం ఎవరి మీదా ఏ కేసూ లేదు. ఆ బట్టీ ఇప్పటికీ పొగ వదులుతోంది.

సాక్ష్యానికి రాని జతల్లో రెండు మాకు దగ్గర చుట్టాలే. అప్పటినుంచి సంతలో ఎదురుపడితే ఆమెతో మాట్లాడరు. మీ వల్ల మేస్త్రి మా ఊరికి అడ్వాన్సులు ఇవ్వడం మానేశాడు అంటారు. అది నిజం కూడా. ఆ రెండేళ్లు కొన్ని ఇళ్లలో పెళ్లిళ్లు ఆగాయి. వాళ్లతో ఏం చెప్పాలో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆర్డరు నకలు తెచ్చిన రోజు ఆమె మా చేత చదివించుకుంది. ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసి చెప్పాం. తన పేరు దగ్గర ఆపి, ఇంటిపేరు తప్పు పడిందని చూపించింది. నిజమే, ఒక అక్షరం తప్పు. దిద్దించడానికి మళ్లీ వెళ్లాలంటే మేము నలుగురం మొహాలు చూసుకున్నాం. మరుసటి వారం వెళ్లి దిద్దించుకొచ్చారు, ఆమే అతనూ ఇద్దరే.

ఇప్పుడు వాళ్లు బట్టీకి వెళ్లడం లేదు. అర ఎకరంలో పసుపు వేశారు. నోటుబుక్కు వెనక అట్ట మీది లెక్క ప్రకారం మాకు ఇంకా బాకీ ఉందని ఏటా ఒక్కొక్కరికి రెండు కిలోల పసుపు తెచ్చిపెడుతుంది. పోయినేడు చాలింక, తీరిపోయింది కదా అన్నాం. నోటుబుక్కు తీసి చూపించింది. సైకిళ్ల స్నేహితుడికి ఇంకా 140 రూపాయలు ఉందట.